తాళజాతికి లెక్క వ్రాసిన వైద్యుడు – విలియం రాక్సుబర్గు

ఉద్దానమున పుట్టినవానికి కొబ్బరియు, తాడియు, ఈతయు కొత్తవి కావు. పెండ్లిపందిటికి కొబ్బరాకు, పాక కప్పుటకు తాటాకు, చాపకు ఈతాకు, దాహమునకు ముంజె, పండుగకు టెంకాయ – ఈ విధముగ పుట్టుక మొదలు కడవరకు మన బ్రతుకు ఈ చెట్ల నీడనే సాగుచున్నది. నిత్యము కంటబడు వస్తువును గూర్చి విచారించువారు మాత్రము అరుదు. పూర్వులు విచారింపక విడువలేదు. అమరసింహుడు తన కోశమున తాళ నారికేళ ఖర్జూరాదులను తృణద్రుమములని, అనగా గడ్డిజాతి చెట్లని, వేరుగా గుర్తించెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులును వీనిని ఏకదళబీజములలో చేర్చి గడ్డికి చుట్టములనియే చెప్పుచున్నారు. కాళిదాసు రఘువంశము ఆఱవ సర్గమున కళింగాధిపతిని వర్ణించుచు మహేంద్రగిరిని, సముద్రతీరపు తాళీవనములను పేర్కొనెను. ఆ కళింగము మన దేశమే, ఆ తీరము మన తీరమే.

అమరుని తరువాత శతాబ్దములు గడచినపిమ్మట, ఈ చెట్లను ఒక్కొక్కదానినే నిలువబెట్టి కొలిచి, ఆకు పొడవు, కాయ రంగు, ప్రజలకు కలుగు ఉపయోగము, తెలుగువారు పిలుచు పేరు – ఇన్నియు పద్దు వేసినట్లు వ్రాసిన పురుషుడొకడు తెలుగు తీరమున నివసించెను. ఆయన పరదేశీయుడు, కుంఫిణీ కొలువులోని వైద్యుడు, పేరు విలియం రాక్సుబర్గు. భారతీయ వృక్షశాస్త్రమునకు ఆయనను పితృస్థానీయునిగా పెద్దలు గౌరవింతురు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఆయన చరిత్రమును సంగ్రహముగ తెలుపుట ఉచితమని తలచితిని.

రాక్సుబర్గు 1751లో స్కాట్లండు దేశమందలి ఎయిరుషైరు మండలమున క్రెయిగీ అను చోట జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున వైద్యమునకు వృక్షశాస్త్రము కుడిచేయి వంటిది. మందులన్నియు మొక్కలనుండియే తీయవలసి యుండెను. అచ్చట జాన్ హోప్ అను పండితుని శిష్యరికమున ఆయనకు మొక్కలయందు అభిరుచి కుదిరెను. కుంఫిణీ ఓడలపై వైద్యసహాయకుడుగ సముద్రయానము చేసి, 1776లో చెన్నపట్టణమున ఉపవైద్యుడుగ కొలువున చేరెను. చేరినది మొదలు ఆయనకొక అలవాటు. ఉష్ణమానమును, వాయుభారమును, గాలివాలును ప్రతిదినము కొలిచి దినచర్యలో వ్రాసికొనెడివాడు. ఏ పనికైనను లెక్క ముందు, తీర్పు తరువాత అను నియమము ఆయనకు తొలినాటినుండియు కలదు. దస్తరముల నడుమ పెరిగిన నావంటివానికి ఆయనయందు ప్రీతి కలుగుటకు ఇదియే మొదటి కారణము.

1781లో ఆయనను గోదావరి తీరమునకు చేరువనున్న సామర్లకోటకు పంపిరి. ఉత్తర సర్కారులు 1765లోనే కుంఫిణీవారి హక్కుభుక్తములోనికి వచ్చియుండెను. మన చికాకోలు సర్కారును వానిలోనిదే. సామర్లకోట దండునకు వైద్యము చేయుచు ఆయన ఒక తోటను వేసెను. మిరియము, నీలి, కాఫీ, దాల్చిన, చెఱకు, రొట్టెపనస మున్నగువానిని పెంచి పరీక్షించెను. ఇందు స్వామికార్యము, స్వకార్యము రెండును కలవు. కుంఫిణీవారికి కావలసినది వర్తకలాభము. రాక్సుబర్గును ఆ లాభములో పాలుగొన్నవాడే. ఈ సంగతిని దాచిపెట్టి ఆయనను ఋషిగా చిత్రించుట సత్యము కాదు. అయినను లాభము చేకూర్చు మొక్కలతో ఆయన తృప్తి చెందలేదు. ఏ ధరయు పలుకని గట్టుమీది పొదను గూడ అంతే శ్రద్ధతో పరిశీలించెను.

ఆయనకు మార్గదర్శి యోహాన్ కోనిగ్ అను పండితుడు. వృక్షశాస్త్రమునకు ఆధునిక రూపమునిచ్చిన లిన్నేయసునకు ఆ కోనిగ్ సాక్షాచ్ఛిష్యుడు. 1785లో ఆయన కాకినాడయొద్ద జగన్నాథపురమున అతిసారముతో మరణింపగా, అవసానకాలమున చికిత్స చేసినవాడు రాక్సుబర్గే. అటుపిమ్మట కుంఫిణీవారి ప్రకృతి పరిశోధకపదవి పాట్రిక్ రసెలునకు దక్కెను. ఆయన 1789లో స్వదేశమునకు మరలగా అది రాక్సుబర్గునకు సంక్రమించెను.

ఈ నడుమ 1787లో గొప్ప విపత్తు సంభవించెను. కోరంగి, ఇంజరము ప్రాంతములపై తుపాను విరుచుకుపడి, సముద్రము పొంగి ఊళ్లను ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్సుబర్గు కుటుంబముతో ప్రాణములు మాత్రము దక్కించుకొనెను. అంతవరకు కూర్చిన ఎండుమొక్కలు, గ్రంథములు, వ్రాతలు అన్నియు నీటిపాలయ్యెను. పదేండ్లకు మించిన శ్రమ ఒక్క పూటలో పోయినది. ఆయన మరల మొదటి మొక్కనుండి ఆరంభించెను. మనకు నేడు దొరకు ఆయన గ్రంథములన్నియు ఆ వరద తరువాత చేసిన రెండవ ప్రయత్నముయొక్క ఫలములే.

తాళజాతిని పరిశోధించుటలో ఒక చిక్కు కలదు. తక్కిన మొక్కలనైనచో కొమ్మ విఱిచి కాగితముల నడుమ ఒత్తి ఎండబెట్టి ఎంత దూరమైనను పంపవచ్చును. తాటిచెట్టును ఏ కాగితమున ఒత్తగలము? ఒక్క ఆకే మంచమంత యుండును. పూగుత్తి మనుష్యుడు మోయలేనంత యుండును. అందుచేత సంగ్రాహకులు ఈ జాతిని తప్పించుకొని పోయెడివారు. గింజలను పంపుదమన్నను, ఆఫ్రికాఖండమును చుట్టివచ్చు ఓడలలో నెలలతరబడి ప్రయాణము. అనేక తాళజాతుల గింజలు అంతలోపల జీవము కోల్పోవును. కావుననే ఐరోపాఖండమున బ్రతికియున్న ఒక తాళవృక్షము మహార్ఘమైన వస్తువయ్యెను. రాక్సుబర్గు ఈ చిక్కును చిత్రలేఖనముతో దాటెను. దేశీయ చిత్రకారులను నియమించి, చెట్టు నిలుచున్నచోటనే ఆకు, పువ్వు, కాయ, గింజ వేర్వేరుగా వ్రాయించెను. వానిలో 500 చిత్రములు లండను చేరగా, జోసెఫ్ బ్యాంక్సు అను ప్రముఖుడు ఎన్నికచేసిన 300 చిత్రములతో కోరమండల తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథము 1795 మొదలు మూడు సంపుటములుగ వెలువడెను. చిత్రముల ప్రక్కన తెలుగు పేర్లును కలవు. జ్వరమునకు వాడు సోమిద చెట్టు పేరు శాస్త్రనామములో నేటికిని నిలిచియున్నది. చిత్రములను వ్రాసిన మనవారి పేర్లు మాత్రము ఆ గ్రంథమున కానరావు. చెట్టు పేరు దక్కి, చేతి పేరు దక్కకపోవుట విచారకరము.

1791, 1792 సంవత్సరములలో సర్కారు జిల్లాలను ఘోరమైన కరవు పీడించెను. వానలు లేక పైరులు మాడి, జనము దారులవెంట పడి మరణించిరి. రాక్సుబర్గు ఆ కరవును కన్నులార చూచెను. అప్పుడు బీదలు ఏమి తిని బ్రతికిరని ఆయన విచారించి తెలిసికొన్న సంగతులు తాళజాతి చరిత్రమున కెల్ల విలువైనవని నా అభిప్రాయము.

సముద్రమునకు చేరువ ఇసుకనేలలలో చిట్టీత అను పొట్టిపొద పెరుగును. కాండము అడుగున్నరకు మించదు. ఆకులతో చాపలును, ఈనెలతో బుట్టలును అల్లుదురు; నల్లని చిన్న పండ్లను పిల్లలు తిందురు. సంతలో దీనికి ధర లేదు. కరవునాడు జనులు ఆ పొదలను పెకలించి, మట్టలను ఒలిచి, లోపలి దవ్వను చీల్చి ఎండబెట్టి, రోట దంచి, పీచు పోవునట్లు జల్లించి, ఆ పిండిని గంజిగా కాచి త్రాగిరి. కొంచెము చేదు కలదు, సగ్గుబియ్యమంత పుష్టి లేదు. అయినను అనేకుల ప్రాణములు దానిచేతనే నిలిచెనని రాక్సుబర్గు గ్రహించెను. ఆ కృతజ్ఞతతో కాబోలు, ఆ మొక్కకు ఆయన పెట్టిన శాస్త్రనామము ఫీనిక్సు ఫారినిఫెరా, అనగా పిండినిచ్చు ఈత. ఆయన గ్రంథముయొక్క మొదటి సంపుటములో తాటిచెట్టుతో పాటు ఈ పొదకును స్థానము లభించెను. తరువాత కొంతకాలమునకు, గేర్ట్నరు అను జర్మను పండితుడు 1788లోనే ఈ మొక్కకు పుసిల్లా, అనగా చిన్నది, అని పేరిడినట్లు పండితులు నిర్ణయించిరి. ముందు పెట్టిన పేరే చెల్లవలెనను శాస్త్రధర్మము ననుసరించి రాక్సుబర్గు పెట్టిన పేరు తొలగిపోయెను. కరవునాటి జ్ఞాపకమును మోయు పేరు పోయి, కురుచదనమును చెప్పు పేరు నిలిచినది.

కొండలలో జీలుగు ఆ విధముగనే అక్కఱకు వచ్చెను. మన మన్యమున జీలుగుకల్లు ఎరుగనివారు లేరు. దాని మానులోని పిండి మంచి సగ్గుబియ్యమునకు తీసిపోదనియు, ఆ చెట్లు మిగిలియున్నంతకాలము కొండప్రజలకు కరవు బాధ అంతగా తెలియలేదనియు రాక్సుబర్గు వ్రాసెను. చెట్లు అయిపోయినపిమ్మట ఏమైనదో ఊహించుకొనవచ్చును. ఈ అనుభవముచేతనే కొబ్బరి, సగ్గుచెట్టు, పనస, అరటి, రొట్టెపనస మున్నగువానిని వానలు తప్పినప్పుడు బీదలకు ఆధారముగ విరివిగా నాటవలెనని ఆయన అధికారులకు విన్నపము వ్రాసెను. అది 1793లో అచ్చయ్యెను. ఉద్దానపు రైతు కొబ్బరి, పనస, అరటి ఒకే తోటలో కలిపి పెంచుట చూచినవారికి ఆ విన్నపములోని వివేకము వేరుగా వివరింపనక్కరలేదు.

ఇక ఐరోపా సంగ్రాహకుల దృష్టిలో తాళజాతికి విలువ ఏ విధముగ ఏర్పడెనో చూతము. సముద్రపు కొబ్బరి అను జంటకాయ పూర్వము హిందూమహాసముద్రమున తేలుచు దొరకెడిది. అది పండు చెట్టు ఎచ్చట కలదో ఎవరికిని తెలియదు. సముద్రగర్భమున మొలచుననియు, విషమునకు విరుగుడనియు కథలు పుట్టెను. రెండవ రుడాల్ఫు చక్రవర్తి ఒక్క కాయకు 4,000 బంగారు నాణెములు ఇవ్వజూపినను లభింపలేదని ప్రతీతి. 1768లో ఫ్రెంచివారు సీషెల్సు ద్వీపములలోని ప్రాలిను ద్వీపమున ఆ చెట్ల వనమునే కనుగొనిరి. మరుసటి యేడు ఓడతో కాయలను విపణికి తేగా ధర ఒక్కసారిగా కూలిపోయెను. కాయ మారలేదు, రుచి మారలేదు, తెలియనితనము ఒక్కటియే తొలగెను. కావున ఆ ధరలో ముప్పాతికపాలు చెట్టుది కాదు, మనుష్యుని అజ్ఞానముది. ఇందుకు మాఱుగ, పలాస పేరును దేశమంతట మ్రోగించుచున్న జీడిమామిడి బ్రెజిలు దేశమునుండి పోర్చుగీసువారివెంట వచ్చిన పరదేశి మొక్క. ఒకనాడు తోటలలో వింతగా చూచినదే నేడు వేలకొలది కుటుంబములకు కూడు పెట్టుచున్నది. అరుదుతనము నిలకడ లేనిది. ఉపయోగమునకు నిలకడ ఎక్కువ.

1793లో కలకత్తా వృక్షవాటిక స్థాపకుడు రాబర్టు కిడ్ మరణింపగా, ఆ తోట పాలన రాక్సుబర్గునకు లభించెను. హుగ్లీ నది గట్టున శిబ్‌పురమున నున్న ఆ తోటలో ఆయన చేరునాటికి సుమారు 300 జాతుల మొక్కలుండగా, విడిచినాటికి అవి 3,500 వరకు పెరిగెను. అచ్చట వ్రాయించిన చిత్రములు 2,500కు మించియున్నవి. దేశదేశముల సంగ్రాహకులతో గింజలను ఇచ్చిపుచ్చుకొనెను.

వంగదేశముననే ఆయనకొక తాళవృక్షము కనబడెను. మన శ్రీతాళమునకు ఇది తోబుట్టువు. విశాలమైన ఆకులు, ఇంటివాసములను కట్టుటకును, గంటముతో వ్రాయుటకును అచ్చటివారు వానిని వాడెడివారు. ఈ చెట్టు దశాబ్దములకొలది పూవక పెరిగి, ఒకేసారి తలపై మహావృక్షమంత పూగుత్తి నెత్తి, కోట్లకొలది పువ్వులు పూచి, కాయలు రాల్చి మరణించును. కలకత్తా పరిసరములలో అప్పటికే ఇది అరుదని ఆయన గుర్తించెను. అచ్చటివారి మాటనే నిలిపి దీనికి కోరిఫా తాలియెరా అని నామకరణము చేసెను. చిత్రము, వర్ణనము మూడవ సంపుటములో చేరెను.

దీర్ఘకాలము ఈ దేశపు వేడిలో శ్రమించుటచేత ఆయన ఆరోగ్యము చెడెను. 1813లో తోటను విడిచి, దారిలో సెయింటు హెలీనా ద్వీపమున ఆగి, అచ్చటి మొక్కలకును పట్టిక వ్రాసెను. రోగపీడితుడైనను లెక్క మానలేదు. 1815లో ఎడింబరో నగరమున కన్నుమూసెను. కలకత్తా తోటలోని మొక్కల పట్టికను 1814లో శ్రీరాంపురమున విలియం కేరీ అచ్చొత్తించెను. భారతదేశపు వృక్షజాతులను వర్ణించు ప్రధానగ్రంథము ఆయన జీవితకాలమున వెలువడలేదు. కొంతభాగము 1820 తరువాతను, సంపూర్ణముగ 1832లోను కేరీయే ప్రకటించెను. తాను వ్రాసిన ప్రధానగ్రంథమును అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు.

ఆయన మరణముతో ఆయన పేరిడిన చెట్ల కథ ముగియలేదు. తాలియెరా నానాటికి తగ్గిపోయెను. 1979లో శాంతినికేతనమునకు సమీపమున ఒక గ్రామమున వనచరమై మిగిలిన చెట్టొకటి పూచెను. ఏనాడును ఎరుగని ఆ వింతపూతను చూచి, దయ్యము పట్టిన తాడియని భయపడి గ్రామస్థులు దానిని నరికివేసిరి. కాయలు పండకముందే చెట్టు కూలెను. అంతటితో అడవులలో ఈ జాతి అంతరించినదని శాస్త్రజ్ఞులు తీర్మానించిరి. ఆ గ్రామస్థులు దుర్మార్గులు కారు. ఆ చెట్టు పేరు, పూచు విధము నూటయేబది యేండ్లకు ముందే అచ్చయిన పుస్తకములో కలదు. ఆ పుస్తకము వారి ఊరు చేరలేదు. అచ్చట లోపించినది అదియే.

సంగ్రాహకుల ఉపకారము ఇచ్చట తెలియవచ్చును. తోటలలో పెరిగిన కొన్ని చెట్లు మాత్రము మిగిలియుండెను. ఢాకా విశ్వవిద్యాలయ ఆవరణలోని చెట్టొకటి 2008లో పూచెను. ఈమారు గొడ్డలి రాలేదు; కాయలు పండెను, గింజలు మొలకెత్తెను, మొలకలను పలుచోట్ల నాటిరి. తల్లిచెట్టు తన ధర్మము ననుసరించి మరణించినను సంతతి నిలిచెను. ధనవంతుల వినోదమని మనము తేలికగా తలచు తోటపెంపకము ఒక జాతికి ప్రాణదానము చేయగలదనుటకు ఇదియే నిదర్శనము.

సంగ్రహము హద్దు మీరినచో అపకారమును కలదు. అరుదైన చెట్టునకు ధర పెరిగినకొలది అడవిలోని గింజలను ఊడ్చి అమ్ముకొనువారు బయలుదేరుదురు. అరుదు మఱింత అరుదగును. ఈ దోషమునకు విరుగుడు మడగాస్కరు ద్వీపమున చూపిరి. అచ్చట జీడితోటను నడుపునతడొకడు సంచారము చేయుచు కనుగొన్న మహాతాళమునకు 2008లో తహీనా అని నామకరణము జరిగెను. అదియు ఒక్కసారి పూచి మరణించునదే. పెద్దచెట్లు నూటికి లోపే. గింజలలో కొన్నిటిని భద్రపరచి, కొన్నిటిని సంగ్రాహకులకు అమ్మి, వచ్చిన ధనమును ఆ పరిసర గ్రామస్థులకే చేరునట్లు ఏర్పాటు చేసిరి. చెట్టు నిలిచినచో ఊరికి ఆదాయము, ఊరు కాచినచో చెట్టునకు ఆయువు. జీడితోటల నడుమ నివసించు మనకు ఈ దృష్టాంతము దగ్గరిదే.

ఇందుండి మనము గ్రహింపవలసిన దేమి? 1984లో కరణీకములు రద్దగువరకు మా యింట నుండిన దస్తరములలో తోటభూములకు చెట్ల లెక్క వ్రాసియుండెడిది. కాయనిచ్చు చెట్టే ఆ లెక్కకెక్కును. చిట్టీతకు పద్దు లేదు. సంగ్రాహకుని చిట్టాలో అరుదైన చెట్టే యెక్కును. అందును చిట్టీతకు పద్దు లేదు. రాక్సుబర్గు పుస్తకములో మాత్రము రెండును కలవు. తాలియెరాను ఆయన వ్రాయకున్నచో పోయినదేదో కూడ తెలియకుండెడిది. చిట్టీతను వ్రాయకున్నచో కరవునాడు జనులను బ్రతికించిన దేదో మఱచిపోయెడివారము. ఒక చెట్టు విలువను నేటి ధరనుబట్టి మాత్రమే నిర్ణయింపరాదనునది ఆయన జీవితసారము.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరితోటలు నేలమట్టమైన సంగతి మనకు అనుభవైకవేద్యము. తండ్రులు నాటిన చెట్లు కొడుకుల కన్నులయెదుట కూలెను. నాటిన మొలక కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అప్పుడు మన గ్రంథాలయమున తడిసిన పుస్తకములను యువకులు ఒక్కొక్క పుటనే విడదీసి ఎండబెట్టిరి. 1787లో సర్వము పోగొట్టుకొని మరల మొదటి మొక్కతో ఆరంభించిన రాక్సుబర్గు చరిత్రము మనకు పరాయిది కాదు.

మన గట్లమీద, దిబ్బలమీద, కొండవాలులలో మిగిలిన తాళజాతులెన్ని, వానిని మన వృద్ధులు ఏ పేర్లతో పిలుతురు, దేనిని దేనికి వాడెడివారు – ఈ లెక్కను మన పాఠశాల బాలురచేత వ్రాయించి ఈ గ్రంథాలయమున నుంచినచో, రానున్న స్వర్ణోత్సవమునకు అంతకు మించిన కానుక వేరొకటి ఉండదు. గ్రంథాలయ ఆవరణమున కొబ్బరి ప్రక్క ఒక శ్రీతాళమును కూడ నాటుదము. దాని పూత మనలో పలువురు చూడకపోవచ్చును. చూచునాటివారు భయపడి గొడ్డలి తేకుండుటకు దాని పేరును, స్వభావమును తెలుపు పుస్తకము ప్రక్కనే యుండవలెను. పాఠక మహాశయులు ఈ విన్నపమును మన్నింతురుగాక.